డిటెక్టివ్ గురువును సృష్టించిన చెస్టర్టన్



డిటెక్టివ్ కథ దొరికితే వదలని ఇళ్లు మన గోదావరి జిల్లాల్లో చాలా ఉన్నాయి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకుని, ఒక్క రాత్రిలో ముగించి, తెల్లవారగానే తిరిగి ఇచ్చేసినవారు మీలోనే ఉండవచ్చు. 1993లో దూరదర్శన్ వారు బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ రాసిన పాత కథలను బ్యోమ్‌కేశ్ బక్షి పేరుతో హిందీ సీరియల్‌గా ప్రసారం చేసినప్పుడు, హిందీ అంతగా రాని తెలుగు ఇళ్లలో కూడా టి.వి. ముందు నుండి లేవకుండా చూశారు. ఇంగ్లీషువారి షెర్లాక్ హోమ్స్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పాతకాలపు దుస్తులు, పాతకాలపు వీధులు, ఒక హత్య, ఒక తెలివైన మనిషి. ఇంతే సరంజామా. అయినా మనకు విసుగు పుట్టదు.

ఇటువంటి టి.వి. సీరియళ్లలో ఒకదానిలో అపరాధ పరిశోధకుడు పోలీసు కాదు, ప్లీడరు కాదు. ఒక కతోలిక విచారణ గురువు. పొట్టిగా, గుండ్రని ముఖంతో, నల్లని అంగీ వేసుకుని, చేతిలో ఒక పాత గొడుగుతో కనిపించే ఫాదర్ బ్రౌన్. బ్రౌన్ అనగానే మన తెలుగువారికి వేమన పద్యాలు సేకరించి, నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ దొరగారు గుర్తుకు వస్తారు. వారికీ వీరికీ సంబంధం లేదు. ఫాదర్ బ్రౌన్ కేవలం కథలోని మనిషి. ఇంగ్లండులో బి.బి.సి. వారు 2013లో ఆయన పేరున మొదలుపెట్టిన సీరియల్ వందకు పైబడిన భాగాలు నడిచింది. అంతకుముందు 1974లో అక్కడే మరొక సంస్థ కూడా ఆ కథలను టి.వి.కి ఎక్కించింది. జర్మనీ, ఇటలీ దేశాలవారు తమ తమ భాషల్లో చూపించారు.

ఈ వారం మీకు పరిచయం చేయదలచింది ఆ గురువును సృష్టించిన రచయితను. ఆయన పేరు గిల్బర్ట్ కీత్ చెస్టర్టన్. ఆయన జీవితంలో ఒక విచిత్రం ఉంది. పాపసంకీర్తనాలు వినే గురువును గురించి ఆయన మొదటి రెండు పుస్తకాలు, అంటే ఇరవైనాలుగు కథలు, రాసేనాటికి తాను కతోలికుడు కాదు. ఒక్కసారైనా గురువు ముందు మోకరించి తన పాపాలు చెప్పుకొన్నవాడు కాదు. లోకానికంతటికీ దారి చూపించి, తాను మాత్రం గడప బయటే చాలా ఏళ్లు నిలబడిపోయాడు. ఆ గడప ఎలా దాటాడో తెలుసుకోవడం మనకు మేలు చేస్తుంది.

బాల్యం, చీకటి రోజులు

చెస్టర్టన్ 1874 మే 29న లండన్ నగరంలో కెన్సింగ్టన్ ప్రాంతంలో పుట్టారు. తండ్రి ఎడ్వర్డ్ ఇళ్లు అమ్మిపెట్టే, అద్దెకు కుదిర్చే వ్యాపారం చేసేవారు. తీరిక దొరికితే పిల్లలకోసం అట్టముక్కలతో చిన్న బొమ్మల నాటకశాల తయారుచేసి ఆడించేవారు. తల్లి పేరు మేరీ లూయీస్. గిల్బర్ట్‌కు ఒక అక్క ఉండేది. ఆయన పసితనంలోనే ఆమె చనిపోయింది. అయిదేళ్ల తరువాత తమ్ముడు సెసిల్ పుట్టాడు. బిడ్డకు ఆంగ్లికన్ సంఘంలో జ్ఞానస్నానం ఇప్పించారుగాని, ఆ ఇంట్లో భక్తి అంతంతమాత్రమే.

బడిలో ఆయన మందమతిగా పేరు తెచ్చుకున్నారు. పొడుగ్గా, వంగి, నిద్రమత్తులో నడుస్తున్నట్లు ఉండే ఆ కుర్రవాడిని చూసి ఉపాధ్యాయులు పెదవి విరిచేవారు. కానీ పద్దెనిమిదో ఏట, 1892లో, ఆ బడిలో పద్యరచనకు ఇచ్చే మిల్టన్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆ పద్యం దేనిమీదనుకున్నారు? మన దేశానికి సువార్త తెచ్చి, గోవాలో నేటికీ భౌతికకాయంతో ఉన్న పునీత ఫ్రాన్సిస్ శౌరివారి మీద!

బడి విడిచాక చిత్రలేఖనం నేర్చుకోవడానికి లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చేరారు. ఆ కాలమే ఆయన జీవితంలో చీకటి కాలం. దేవుడున్నాడో లేడో తెలియదు. తాను తప్ప మిగతా లోకమంతా ఒక కలయేమోనన్న పిచ్చి అనుమానం పట్టుకుంది. తమ్ముడితో కలిసి, ఆత్మలను పిలిచే పలక ముందు కూర్చుని ఆ ఆటలు ఆడారు. మనసులో ఘోరమైన ఊహలు ముసురుకునేవి. తన చేతులతో ఏ నేరమూ చేయకపోయినా, ఎంతటి నేరాన్నయినా ఊహించగల స్థితికి దిగజారానని ఆయన తరువాతి కాలంలో దాచకుండా రాసుకున్నారు. చదువు పూర్తికాలేదు. పట్టా రాలేదు.

ఆ గోతిలో నుండి ఆయన్ను పైకి లాగినది పెద్ద వేదాంతమేమీ కాదు. కృతజ్ఞత. ఊపిరి ఆడుతున్నందుకు, గడ్డి పచ్చగా ఉన్నందుకు, ఉదయం వెలుతురు వస్తున్నందుకు ఎవరికో ఒకరికి కృతజ్ఞత చెప్పాలన్న ఆలోచన ఒక సన్నని దారంలా చేతికి దొరికింది. ఆ దారం పట్టుకుని పైకి వచ్చారు. దారానికి రెండో కొనలో ఎవరున్నారో తెలుసుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది.

పెళ్లి, పత్రికా జీవితం

ఒక పుస్తక ప్రచురణ సంస్థలో చిన్న ఉద్యోగం చేస్తూ పత్రికలకు రాయడం మొదలుపెట్టారు. ఫ్రాన్సిస్ బ్లాగ్ అనే యువతితో పరిచయమైంది. ఆమె ఆంగ్లికన్ సంఘంలో నిజమైన భక్తురాలు. దేవుని గురించి మాట్లాడేవారు చెస్టర్టన్ మిత్రుల్లో చాలామంది ఉన్నారుగాని, దేవుని నమ్మి ఆ ప్రకారం నడచుకునే మనిషిని ఆయన దగ్గరగా చూసింది ఆమెలోనే. 1901 జూన్ 28న వారి వివాహం జరిగింది. పెళ్లికి పోతూ పోతూ దారిలో ఆగి, చిన్నప్పుడు అమ్మతో వెళ్లిన పాల దుకాణంలో ఒక గ్లాసు పాలు తాగి, మరో దుకాణంలో ఒక తుపాకీ కొన్నారట. కొత్త పెళ్లికూతురిని దారిదోపిడీగాళ్ల నుండి కాపాడాలి కదా అని ఆయన వాదన!

మనిషి ఆరడుగుల పైన మూడు నాలుగు అంగుళాలు. నూరు కిలోలు దాటిన శరీరం. భుజాన పెద్ద కండువాలాంటి కోటు, చేతిలో కత్తి దాచిన కర్ర. మతిమరుపు అంతా ఇంతా కాదు. ఉపన్యాసానికి బయలుదేరి, ఏదో ఊరి రైల్వేస్టేషన్‌లో దిగి, తానెక్కడికి పోవాలో చెప్పమని భార్యకు టెలిగ్రాం ఇచ్చేవారు. ఆమె ఓర్పే ఆ సంసారాన్ని నడిపింది. వారికి పిల్లలు కలగలేదు. ఫ్రాన్సిస్ శస్త్రచికిత్స చేయించుకున్నా ఫలితం దక్కలేదు. ఆ బాధను ఇద్దరూ మనసులో పెట్టుకుని, ఇరుగుపొరుగు పిల్లలతో ఇల్లు నింపుకున్నారు.

1905 నుండి చనిపోయేవరకు ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అనే వారపత్రికలో ఆయన వారం వారం రాశారు. అందులో 1909 సెప్టెంబరు 18న వచ్చిన వ్యాసం మన దేశానికి సంబంధించినది. భారతీయులు స్వరాజ్యం కోరడం న్యాయమే, కానీ ఇంగ్లీషువారి పద్ధతులనే కోరుకుంటే అందులో భారతీయత ఏముందని ఆయన ప్రశ్న. ఆ సమయంలో లండన్‌లో ఉన్న గాంధీగారు ఆ వ్యాసం చదివి ఎంతో ఆలోచించారు. తన పత్రిక పాఠకులకు కూడా దాని సారాంశం తెలియజేశారు. అదే ఏడాది నవంబరులో దక్షిణాఫ్రికాకు ఓడలో తిరిగి వెళ్తూ ఆయన రాసిన పుస్తకమే హింద్ స్వరాజ్.

కీలీ పట్టణంలో ఒక గురువు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఉత్తర ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో కీలీ అనే మిల్లుల పట్టణం ఉంది. పెళ్లయిన తొలి సంవత్సరాల్లో చెస్టర్టన్ అక్కడికి ఉపన్యాసానికి వెళ్లారు. అక్కడ పరిచయమైన కతోలిక గురువు ఐర్లండులో పుట్టిన ఫాదర్ జాన్ ఓకానర్. ఇద్దరూ కలిసి బీడు భూముల మీదుగా ఇల్క్‌లీ అనే ఊరికి నడుచుకుంటూ బయలుదేరారు. దారిలో చెస్టర్టన్ సమాజంలోని కొన్ని దురాచారాల గురించి తాను పత్రికలో రాయబోతున్న విషయం చెప్పారు. ఆయన అభిప్రాయం పొరపాటని ఫాదర్‌గారు నెమ్మదిగా వివరించారు. వివరిస్తూ, మనుష్యులు ఎంత లోతు పాపంలోకి దిగగలరో తాను ఎరిగిన వాస్తవాలు కొన్ని చెప్పారు. వినేసరికి చెస్టర్టన్‌కు నోట మాట రాలేదు. యౌవనంలో తాను ఊహించిన చీకటికంటే లోతైన చీకటి ఈ నెమ్మదస్థుడైన గురువుకు తెలుసు. తెలిసి కూడా ఆయన ముఖంలో శాంతి ఉంది.

గమ్యం చేరాక ఆ ఇంట్లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇద్దరు యువకులు తారసపడ్డారు. ఫాదర్‌గారు వారితో సంగీతం గురించి, కట్టడాల గురించి చక్కగా మాట్లాడి, లేచి వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే ఒక యువకుడు జాలిపడ్డాడు. ఈ గురువులు మంచివాళ్లేగాని నాలుగు గోడల మధ్య బతుకుతారు, లోకంలోని చెడు వీళ్లకేం తెలుసునని అతని ఉద్దేశం. చెస్టర్టన్‌కు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఆ గురువు ఎరిగిన చెడు ముందు ఈ ఇద్దరు పెద్దమనుషులూ ఉయ్యాలలోని పసిబిడ్డలతో సమానం!

ఆ క్షణంలోనే ఫాదర్ బ్రౌన్ పుట్టాడు. లోకం అమాయకుడని తలచే గురువు, నిజానికి లోకంకంటే ఎక్కువ తెలిసినవాడైతే? ఎక్కడ తెలుసుకుంటాడు? పాపసంకీర్తనపు పీటమీద కూర్చుని. గంటల తరబడి మనుష్యులు తమ అసలు పాపాలను చెప్పుకుంటుంటే వినేవాడికి నేరస్థుడి మనసు తెలియకుండా ఎలా ఉంటుంది? ఫాదర్ ఓకానర్ చురుకైన మేధావి. చెస్టర్టన్ కథకోసం ఆయన తెలివిని దాచిపెట్టి, బయటికి తెలివితక్కువవాడిలా కనిపించే రూపం తొడిగారు.

హోమ్స్ దారి వేరు, బ్రౌన్ దారి వేరు

మొదటి కథ నీలి సిలువ 1910లో అచ్చయింది. ఫ్లాంబో అనే గజదొంగ గురువు వేషం వేసుకుని, నీలమణులు పొదిగిన ఒక వెండి సిలువను కాజేయాలని ఫాదర్ బ్రౌన్ వెంట పడతాడు. పారిస్ పోలీసు అధికారి వారిద్దరి వెనుక పడతాడు. దారి పొడవునా వింతలు. ఒక హోటల్లో ఉప్పు సీసాలో పంచదార ఉంటుంది. మరొకచోట గోడమీద పులుసు చిమ్మి ఉంటుంది. ఇంకొకచోట కిటికీ అద్దం పగిలి ఉంటుంది. ఇవన్నీ పోలీసులకు ఆనవాళ్లుగా ఆ అమాయకపు గురువే వదలిపెట్టాడని చివర తెలుస్తుంది. దొంగ నిజమైన గురువు కాడని ఎలా కనిపెట్టాడు? వేషంలో లోపం లేదు. కానీ ఆ దొంగ మాటల్లో బుద్ధిని, వివేకాన్ని తక్కువచేసి మాట్లాడాడు. దేవుడిచ్చిన వివేకాన్ని నిందించడం కతోలిక వేదాంతం కాదు గనుక వీడు గురువు కాడని ఫాదర్ బ్రౌన్ గ్రహించాడు.

షెర్లాక్ హోమ్స్ భూతద్దం పట్టుకుని బూడిదను, బురదను పరిశీలిస్తాడు. నేరస్థుడిని బయటినుండి చూస్తాడు. ఫాదర్ బ్రౌన్ తన లోపలికి చూసుకుంటాడు. ఎటువంటి స్థితిలో ఉంటే నేనే ఈ హత్య చేసి ఉండేవాడిని అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికినప్పుడు హంతకుడూ దొరుకుతాడు. 1927లో వచ్చిన నాలుగో పుస్తకంలో తన రహస్యం ఇదేనని ఆ గురువు బయటపెడతాడు. ఇది మనం రోజూ రాత్రి చేసుకోవలసిన ఆత్మపరిశోధన తప్ప వేరేమీ కాదు.

రచయితల జీవితాల్లో కూడా ఒక తేడా గమనించండి. హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కోనన్ డాయిల్ కతోలిక కుటుంబంలో పుట్టి, స్టోనీహర్స్ట్‌లో యేసుసభ గురువుల బడిలో చదివి, పెద్దయ్యాక విశ్వాసం వదలి, చివరికి ఆత్మలను పిలిచే ఉద్యమానికి ప్రచారకుడయ్యారు. చెస్టర్టన్ ఆ ఆత్మల ఆటతో మొదలై శ్రీసభలోకి వచ్చారు. ఒకరిని తీసి ఒకరిని పెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కతోలిక ఇంట్లో పుట్టడం ఒక్కటే చాలదని మన పిల్లల విషయంలో మనం గుర్తుంచుకోవాలి.

దొంగ ఏమయ్యాడు?

డిటెక్టివ్ కథల్లో దొంగ దొరకగానే కథ ముగుస్తుంది. ఆ తరువాత వాడు జైలుకు పోయాడా, ఉరికంబం ఎక్కాడా అన్నది ఎవరికీ పట్టదు. ఫాదర్ బ్రౌన్‌కు మాత్రం అప్పుడే పని మొదలవుతుంది. మొదటి పుస్తకంలోని నాలుగో కథలో, క్రిస్మస్ సమయాన, ఫ్లాంబో ఒక ఇంట్లో వజ్రాలు దొంగిలించి తోటలో చెట్టెక్కి పారిపోబోతాడు. కింద చీకట్లో నిలబడి ఫాదర్ బ్రౌన్ పోలీసులను పిలవడు. పైనున్న దొంగతో మాట్లాడతాడు. మంచి మనిషి మంచిలో ఒకేచోట నిలబడగలడేమోగాని, చెడ్డవాడు చెడులో ఒకేచోట నిలబడలేడని, ఆ దారి కిందికి కిందికి జారుతూనే ఉంటుందని చెబుతాడు. కాసేపటికి వజ్రాలు కింద గడ్డిమీద పడతాయి. ఆ తరువాత ఫ్లాంబో ఇక దొంగ కాడు. ఫాదర్ బ్రౌన్‌కు ప్రాణమిత్రుడై, తానే నేరాలు పరిశోధించే వృత్తి చేపడతాడు.

మరొక కథలో ఆంగ్లికన్ సంఘపు గురువు ఒకడు దుర్మార్గుడైన అన్నను దేవాలయ గోపురం పైనుండి సుత్తి జారవిడిచి చంపుతాడు. ఎత్తయినచోట నిలబడి కింది మనుషులను పురుగుల్లా చూడడం అలవాటై, తీర్పు తీర్చే అధికారం తనకే ఉందనుకుంటాడు. ఫాదర్ బ్రౌన్ సంగతి గ్రహించి, ఆ గోపురం మీదనే అతనితో ఏకాంతంగా మాట్లాడతాడు. దీన్ని పాపసంకీర్తన రహస్యంలాగే దాచుతానని, లొంగిపోవడమా మానడమా అతని మనస్సాక్షికే వదిలేస్తున్నానని చెబుతాడు. ఆ మనిషి కిందికి దిగి, తనంతట తానే వెళ్లి నేరం ఒప్పుకుంటాడు. బి.బి.సి. వారి సీరియల్ 2013లో ఈ కథతోనే మొదలైంది.

ఆ సీరియల్ గురించి ఒక మాట చెప్పాలి. వారు కాలాన్ని 1950ల నాటికి మార్చి, కల్పిత గ్రామంలో కథ నడిపి, ఎక్కువ భాగాలకు సొంత కథలే రాసుకున్నారు. చూడ ముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో ఫ్లాంబో సీజను సీజనుకూ దొంగగానే తిరిగి వస్తూ పోతూ ఉంటాడు. టి.వి.కి దొంగ దొంగగా ఉంటేనే రక్తి. చెస్టర్టన్ మాత్రం నాలుగో కథకే అతన్ని మార్చివేశారు. ఇంత మంచి దొంగ పాత్రను పోగొట్టుకుంటే కథకు నష్టమని ఆయన వెనుకాడలేదు. ఒక ఆత్మ దక్కడమే ఆయనకు పెద్ద కథ.

గడప దాటిన రోజు

ఇంత తెలిసినవాడు తాను ఎందుకు ఆగిపోయాడు? దానికి ఒక కారణం భార్య. తనను క్రీస్తు వైపు మొదట నడిపించింది ఆమే. ఆమెను వెనుక విడిచి ఒంటరిగా వెళ్లడానికి మనసు ఒప్పలేదు. 1914 చివర ఆయనకు పెద్ద జబ్బు చేసింది. నెలల తరబడి స్పృహ ఉండీ లేక మంచం మీద ఉన్నారు. 1915లో ఈస్టర్ పండుగ నాటికి తేరుకున్నారు. 1918 డిసెంబరులో, యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, అంతకుముందే కతోలికుడైన తమ్ముడు సెసిల్ ఫ్రాన్సులోని సైనిక ఆసుపత్రిలో కన్నుమూశాడు. 1920లో పవిత్రభూమి యాత్ర చేసి తిరిగి వస్తూ, ఇటలీలోని బ్రిండిసి రేవులో ఒక దేవాలయంలో దేవమాత స్వరూపం ముందు నిలబడి, ఇంటికి చేరాక తాను చేయవలసింది చేస్తానని మాట ఇచ్చుకున్నారు. అయినా మరో రెండేళ్లు గడిచాయి.

చివరికి ఫాదర్ ఓకానర్‌కే కబురు పంపారు. ఫాదర్‌గారు మొదట ఫ్రాన్సిస్‌తో మాట్లాడారు. భర్త ఈ నలుగుబాటులో ఉండేకంటే ఆ అడుగు వేయడమే తనకు ఊరటని ఆమె చెప్పారు. 1922 జూలై 30న, ఆదివారం, చెస్టర్టన్ శ్రీసభలో చేరారు. ఆయన కాపురముంటున్న బీకన్స్‌ఫీల్డ్ ఊరిలో అప్పటికి కతోలిక దేవాలయం లేదు. రైల్వే హోటల్‌కు చెందిన రేకుల కప్పు హాలునే పూజకు వాడుకునేవారు. మన పల్లెల్లో రేకుల షెడ్డులో పూజ విన్నవారికి ఆ దృశ్యం కొత్త కాదు. జేబులోని చిన్న సత్యోపదేశ పుస్తకం తీయబోయి, మొదట ఒక చవక డిటెక్టివ్ నవల బయటికి తీశారని అక్కడున్న గురువులు తరువాత నవ్వుతూ చెప్పుకున్నారు. ఫాదర్ ఓకానర్ ఆయన పాపసంకీర్తనం విన్నారు. నలభై ఎనిమిదేళ్ల ఆ భారీ మనిషి, ప్రపంచమంతా పేరున్న రచయిత, ఆ రేకుల కింద పసిబిడ్డలా మోకరించాడు. పక్కన ఫ్రాన్సిస్ కన్నీరు పెట్టుకున్నారు.

కతోలికుడు ఎందుకయ్యావని అడిగినవారికి ఆయన పుస్తకాల కొద్దీ జవాబులు రాశారు. అన్నిటికంటే ముందు చెప్పే జవాబు మాత్రం చిన్నది. తన పాపాలు వదిలించుకోవడానికి. పాపసంకీర్తనం చేసి బయటికి వచ్చిన మనిషి ఎంత ముసలివాడైనా అయిదు నిమిషాల పసివాడేనని ఆయన నమ్మకం. యౌవనంలోని ఆ చీకటి పలకను, ఆ ఘోరమైన ఊహలను ఆయన ఎన్నడూ మరచిపోలేదు. అవి ఒకచోట దించుకోవాలి. ఆ చోటు దొరికింది.

భార్యను ఆయన తొందరపెట్టలేదు. వాదించి గెలవడంలో దిట్ట అయినవాడు ఇంట్లో వాదించలేదు. నాలుగేళ్ల తరువాత, 1926 నవంబరు 1న, సకల పునీతుల మహోత్సవం నాడు ఫ్రాన్సిస్ తనంతట తాను శ్రీసభలో చేరారు.

తరువాతి సేవ, ఒక మచ్చ

ఆ తరువాత పద్నాలుగేళ్లు ఆయన కలం ఆగలేదు. 1923లో అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్‌వారి చరిత్ర, 1925లో క్రీస్తు రాకను మానవ చరిత్రకు కేంద్రంగా చూపిన గ్రంథం, 1933లో పునీత అక్వీనాస్ తోమాసువారి చరిత్ర వెలువడ్డాయి. 1925లో సొంత వారపత్రిక పెట్టి నష్టాలు భరించారు. డబ్బు తక్కువైనప్పుడల్లా ఒక ఫాదర్ బ్రౌన్ కథ రాసి ఆ లోటు పూడ్చేవారు. పత్రికలో ఆయన చెప్పిన ముఖ్య సూత్రం మన రైతు కుటుంబాలకు సులువుగా అర్థమవుతుంది. భూమి, పనిముట్లు కొద్దిమంది ధనికుల చేతిలోనూ ఉండరాదు, ప్రభుత్వం చేతిలోనూ ఉండరాదు, ప్రతి కుటుంబానికీ కొంత ఉండాలి. మూడెకరాల పొలం, ఒక పాడి ఆవు అన్న పాత నినాదం ఆయనకు ప్రియమైనది. 1891లో 13వ లియో జగద్గురువులు శ్రామికుల గురించి వెలువరించిన విశ్వలేఖ ఈ ఆలోచనకు ఆధారం. 1934లో 11వ పయస్ జగద్గురువులు పునీత గ్రెగొరీ పేరిట ఉన్న బిరుదుతో ఆయనను సత్కరించారు.

ప్రియ పాఠకులారా, మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే ఫాదర్ బ్రౌన్ మెచ్చడు. చెస్టర్టన్ రచనల్లో యూదులను కించపరిచే మాటలు ఉన్నాయి. ఒక ప్రభుత్వ వ్యవహారంలో మంత్రుల అవినీతిని ఎత్తిచూపబోయిన తమ్ముడు 1913లో పరువునష్టం కేసులో శిక్ష పొందడం ఆ కుటుంబంలో చేదు నింపింది. ఆ చేదు ఒక జాతి మొత్తంమీదికి మళ్లింది. హిట్లర్ అధికారానికి వచ్చాక యూదులపై జరిగిన అత్యాచారాలను ఆయన ఖండించిన మాట నిజమే. అయినా ముందు రాసినవి చెరిగిపోవు. ఆయన్ను పునీతుడిగా ప్రకటించే ప్రక్రియకు అవకాశముందేమో చూడమని నార్తాంప్టన్ మేత్రాణులు 2013లో విచారణ చేయించారు. 2019లో ఆ ప్రక్రియ మొదలుపెట్టలేమని ప్రకటించారు. చెప్పిన కారణాల్లో ఈ యూదుల సంగతి ఒకటి. ప్రతివాడూ తనలోని పాపిని వెదకాలని లోకానికి నేర్పిన మనిషికి సైతం తన కంటిలోని ఒక దూలం కనిపించలేదు. పాపసంకీర్తనం ఒక్కసారితో అయిపోయేది కాదని ఇది మనకు నేర్పుతుంది.

1936లో ఆరోగ్యం చెడింది. ఆ ఏడాదే లూర్దు, లిసియా పుణ్యక్షేత్రాలు దర్శించి వచ్చి మంచం పట్టారు. విచారణ గురువు అవస్థాభ్యంగనం ఇచ్చారు. దొమినికన్ సభకు చెందిన ఫాదర్ విన్సెంట్ మెక్‌నాబ్ వచ్చి, తమ సభలో మరణశయ్యపై ఉన్నవారికి పాడే దేవమాత కీర్తన పాడి, బల్లమీదున్న ఆయన కలాన్ని తీసి ముద్దుపెట్టుకున్నారు. జూన్ 14న, ఆదివారం ఉదయం, ఆయన ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. రెండేళ్ల తరువాత ఫ్రాన్సిస్ కూడా వెళ్లిపోయారు.

ఒక పిల్లవాడి చేయి

చెస్టర్టన్ పోయిన పద్దెనిమిదేళ్లకు, 1954లో, ఫాదర్ బ్రౌన్ కథతో ఒక సినిమా వచ్చింది. గురువు వేషం వేసినది ప్రసిద్ధ నటుడు అలెక్ గిన్నెస్. ఆయన కతోలికుడు కాదు. షూటింగు ఫ్రాన్సులోని ఒక పల్లె దగ్గర జరుగుతోంది. ఒక సాయంత్రం ఆ నల్లని అంగీ విప్పకుండానే బసకు నడిచిపోతుంటే, ఎవరో ఎరగని చిన్న పిల్లవాడు పరుగున వచ్చి ఆయన చేయి పట్టుకున్నాడు. నిజమైన ఫాదర్‌గారనుకుని ఏవేవో కబుర్లు చెబుతూ కొంత దూరం నడిచి, వందనం చేసి తన దారిన పోయాడు. ఒక అపరిచితుడిని అంగీ చూసి అంత నిర్భయంగా నమ్మిన ఆ పసివాడి నమ్మకం గిన్నెస్ మనసును కదిలించింది. అదే కాలంలో కొడుకు పోలియోతో మంచాన పడితే ఒక కతోలిక దేవాలయంలో కూర్చుని ప్రార్థించడం మొదలుపెట్టారు. కొడుకు కోలుకున్నాడు. 1956లో గిన్నెస్ శ్రీసభలో చేరారు. పాత్ర కల్పితమే. పట్టుకున్న చేయి, మారిన మనసు మాత్రం నిజం.

ఆ పిల్లవాడికున్న నమ్మకం మనకుందా? మన విచారణల్లో ఏళ్ల తరబడి పాపసంకీర్తనానికి దూరంగా ఉన్నవారు ఎందరో ఉన్నారు. కొందరికి సిగ్గు. తమ సంగతి వింటే ఫాదర్‌గారు ఏమనుకుంటారోనని భయం. ఆయనకు మన బతుకు కష్టాలు ఏం తెలుసునని మరికొందరి వాదన. ఆ కేంబ్రిడ్జి యువకుడి వాదనే ఇది. ఆ పీటమీద కూర్చున్న గురువు మీకంటే పెద్ద పాపాలు విని ఉంటారు. తాను కూడా మరో గురువు ముందు మోకరించి వచ్చి ఉంటారు. మీరు చెప్పేది విని ఆయన ఉలిక్కిపడరు. బయట ఎవరికీ చెప్పరు.

ఇంటిలోని వారి విషయం కూడా ఆలోచించండి. మీ ఇంట్లో తప్పుదారి పట్టిన కొడుకు ఉండవచ్చు. గుడికి రాని భర్త, వేరే సంఘం నుండి వచ్చిన కోడలు ఉండవచ్చు. చెస్టర్టన్ భార్యకోసం నాలుగేళ్లు ఎదురుచూసినట్లు, ఫాదర్ బ్రౌన్ చెట్టుమీది దొంగతో నెమ్మదిగా మాట్లాడినట్లు మనం చేస్తున్నామా? లేక దొరికాడు కదా అని కేకలు వేస్తున్నామా?

మన ద్రాక్షారామం పరిసరాల్లో కోతల కాలమైనా, ఊడ్పుల కాలమైనా శనివారం సాయంత్రం అనేది ఒకటి వస్తుంది. ఈసారి ఆ సాయంత్రం టి.వి.లో డిటెక్టివ్ సీరియల్ చూడబోయే ముందు, ఒక గంట దేవాలయానికి వెళ్లి రండి. పిల్లలను కూడా వెంట తీసుకుపొండి. తిరిగి వచ్చాక అందరూ కలిసి హాయిగా సీరియల్ చూడండి. చివరన నేరస్థుడు పట్టుబడ్డాక, తరువాత వాడికి ఏమైతే బాగుంటుందని మీ పిల్లలను అడగండి. వారు ఏం చెబుతారో ఓపికగా వినండి. తప్పిపోయిన కుమారుని కథ వారికి ఎంతవరకు అర్థమైందో ఆ జవాబులో తెలుస్తుంది.